గేమ్ పెట్టెకూ ఆర్కేడ్ తెరకూ మధ్య

1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు రాయ్‌పూర్, దుర్గ్, బిలాస్‌పూర్ జిల్లాల్లోని ఎన్నో పల్లెల్లో చీకటి పడేసరికి జనం టీవీ ముందు చేరేవారు. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన ఆ ప్రయోగాన్ని 'సైట్' అనేవారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ చేరింది. మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ టీవీలను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసింది. ఉపగ్రహం మాత్రం 860 మెగాహెర్ట్జ్ దగ్గర, ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ పద్ధతిలో బొమ్మను పంపేది. మామూలు టీవీ ఆ సంకేతాన్ని అందుకోలేదు. అందుకే కోళ్లకు కట్టే ఇనుప జాలీతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నాకూ టీవీకీ నడుమ ఒక పెట్టె పెట్టారు. వచ్చిన సంకేతాన్ని తెరకు పనికొచ్చే రూపంలోకి మార్చడం దాని పని. ఇవాళ అదే రాయ్‌పూర్ పక్కన, ఉర్లా పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న బీర్‌గావ్‌లో ఎవరైనా పాత గేమ్ కన్సోల్‌ను ఆర్కేడ్ మానిటర్‌కు కలపాలనుకుంటే, ఆనాటి ఇంజనీర్లు వేసుకున్న ప్రశ్నలే వేసుకోవాలి. తెరకు ఏ రూపంలో సంకేతం కావాలి? మన దగ్గరున్న పెట్టె ఏ రూపంలో ఇస్తోంది? ఈ రెంటి మధ్య ఎన్ని మార్పిళ్లు తప్పనిసరి, ఎన్ని అనవసరం? కన్సోల్, ఆర్కేడ్ మానిటర్ పుట్టుకతోనే ఒకదానికొకటి దగ్గరివనీ, వాటిని దూరం చేసింది నడుమ వచ్చిన ఇంటి టీవీ ఏర్పాట్లేననీ చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వాటిని కలపడమంటే కొత్త పరికరాలు చేర్చుకుంటూ పోవడం కాదు, అక్కర్లేని మార్పిళ్లను ఒక్కొక్కటిగా తీసేయడం.

ఆర్కేడ్ మానిటర్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఒక పాత కలర్ టీవీని విప్పి, అందులోంచి ఛానెళ్లను పట్టే ట్యూనర్‌నూ, దాని వెనకుండే ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) భాగాన్నీ, రంగులను విడదీసే డీకోడర్‌నూ, స్పీకర్ వ్యవస్థనూ తీసేస్తే మిగిలేది దాదాపుగా ఆర్కేడ్ మానిటరే. పిక్చర్ ట్యూబ్ అదే జాతిది. ఎలక్ట్రాన్ పుంజాన్ని అడ్డంగా, నిలువుగా కదిలించే కాయిల్స్ అవే. ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా అందించే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అదే. తేడా అంతా లోపలికి వచ్చే దారిలో ఉంది. ఆర్కేడ్ మానిటర్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్, గ్రౌండ్ అని ఐదు తీగలు చాలు. మొదటి మూడు, ఏ క్షణంలో ఏ రంగు ఎంత ప్రకాశంగా ఉండాలో చెబుతాయి. సింక్ తీగ, గీత ఎప్పుడు మొదలవ్వాలో, బొమ్మ ఎప్పుడు పైకి తిరిగి రావాలో చెబుతుంది. 1980ల మధ్యలో జపాన్ ఆర్కేడ్ తయారీదారుల సంఘం 'జామా' పేరిట ఒక ప్రమాణం తెచ్చి, 56 కాంటాక్టుల కనెక్టర్‌లో ఈ ఐదింటికీ, కరెంటుకూ, బటన్లకూ స్థానాలు ఖాయం చేసింది. ఆ తర్వాత ఒక కంపెనీ క్యాబినెట్లో ఇంకో కంపెనీ గేమ్ బోర్డు పెట్టడం తేలికైంది. గేమ్ మారినా మానిటర్ మారనక్కర్లేదన్న నమ్మకం ఉండబట్టే ఆ ప్రమాణం సాధ్యపడింది. ఆ నమ్మకానికి పునాది గీతల వేగం.

పాత తెరల లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె, సెకనుకు ఎన్ని గీతలు గీస్తుందన్నదే. అమెరికా, జపాన్‌లు వాడిన ఎన్‌టీఎస్‌సీ కలర్ పద్ధతిలో అది 15,734. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో 15,625. నింటెండో 8 బిట్ కన్సోల్ క్లాక్‌ను పట్టి లెక్కవేస్తే సెకనుకు సుమారు 15,746 గీతలు వస్తాయి. దాని పాల్ రూపంలో సుమారు 15,602. ఈ అంకెల మధ్య తేడా ఒక శాతం కూడా లేదు. మామూలు ఆర్కేడ్ మానిటర్‌లో హోల్డ్ నాబ్ కొంచెం తిప్పితే సర్దుబాటయ్యే తేడా ఇది. ఇది కాకతాళీయంగా కుదిరింది కాదు. ఇంటి కన్సోల్ ఇంట్లో ఉన్న టీవీ మీదే ఆడాలి కాబట్టి టీవీ వేగాన్నే పట్టుకుంది. ఆర్కేడ్ వాళ్లకు ఆ నిర్బంధం లేకపోయినా, లక్షల్లో తయారయ్యే టీవీ విడిభాగాలు చవకగా దొరుకుతాయి కాబట్టి వాళ్లూ అదే వేగం దగ్గర ఆగారు. 1972లో అటారీ 'పాంగ్' తొలి నమూనాకు తెరగా వాడింది దుకాణంలో కొన్న హిటాచీ నలుపు తెలుపు టీవీనే. అంటే ఆర్కేడ్ తెర కథ మొదలైందే ఇంటి టీవీతో.

దీనికి ఇంకా గట్టి సాక్ష్యం కంపెనీల చేతల్లోనే ఉంది. నింటెండో తన ఇంటి కన్సోల్ హార్డ్‌వేర్‌నే 1984లో 'వీఎస్. సిస్టమ్' పేరుతో, 1986లో 'ప్లేచాయిస్-10' పేరుతో ఆర్కేడ్ క్యాబినెట్లలోకి దింపింది. సెగా తన మెగా డ్రైవ్‌ను 'మెగా-టెక్'గా మార్చింది. ఎస్ఎన్‌కే 1990లో తెచ్చిన నియో జియోలో ఆర్కేడ్ బోర్డు, ఇంటి పెట్టె దాదాపు ఒకే సర్క్యూట్. 1994లో 'టెక్కెన్' నడిచిన నామ్‌కో సిస్టమ్ 11 బోర్డు ప్లేస్టేషన్ ఆధారంగా తయారైనదే. ఇంటి పెట్టెను ఆర్కేడ్ తెరకు కలపడం ఏదో విపరీతపు ఆలోచన అనుకునేవాళ్లు, దాన్ని కన్సోళ్లు చేసిన కంపెనీలే వ్యాపారంగా చేశాయని గుర్తుంచుకోవాలి. నింటెండో ఉదాహరణలో ఒక చిన్న మార్పు చాలా చెబుతుంది. ఇంటి కన్సోల్‌లో బొమ్మ గీసే చిప్ ఆర్‌పీ2సీ02. ఆర్కేడ్ రూపంలో దాని స్థానంలో ఆర్‌పీ2సీ03 వచ్చింది. మొదటిది రంగు, వెలుగు, సింక్ ఒకటిగా కలిసిన కాంపోజిట్ వీడియో ఇస్తుంది, రెండోది మూడు రంగులనూ విడివిడిగా ఇస్తుంది. ఆర్కేడ్ మానిటర్ కోసం కొత్తగా ఒక డీకోడర్ చేర్చడం నింటెండోకు చేతకాక కాదు. రంగులను ముందు ఒకటిగా కలిపి, తర్వాత విడదీయడం వృథా అని తెలుసు కాబట్టి, కలిపే దశనే తీసేసింది.

ఆ కలపడంలో పోయేదేమిటో మన ఊళ్ల అనుభవంలో చూడొచ్చు. 1990ల్లో తెలుగు పట్టణాల్లో గంటకింత అని తీసుకుని ఆడించిన వీడియో గేమ్ షాపుల్లో ఉన్నవి ఎక్కువగా నింటెండోకు నకళ్లయిన 8 బిట్ పెట్టెలు. క్యాసెట్ పెట్టి, యాంటెన్నా సాకెట్లోకి తీగ దూర్చి, టీవీలో ఛానెల్ వెతుక్కోవాలి. ఆ దారిలో బొమ్మ పడే ప్రయాణం చూడండి. రంగు, వెలుగు, సింక్ కలిసి కాంపోజిట్ సంకేతమవుతాయి. దానికి శబ్దాన్ని జోడించి రేడియో తరంగం మీద ఎక్కిస్తారు. టీవీ ట్యూనర్ దాన్ని దించుతుంది. డీకోడర్ మళ్లీ మూడు రంగులుగా విడదీస్తుంది. చివరికి ట్యూబ్ మెడ దగ్గరకు చేరేది ఎరుపు, ఆకుపచ్చ, నీలమే. పాల్‌లో రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎన్‌టీఎస్‌సీలో 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర, వెలుగు సమాచారం ఉన్న చోటునే పంచుకుంటుంది. పక్కపక్క పిక్సెళ్లు నలుపు తెలుపుగా మారే చోట పుట్టే సంకేతం కూడా ఆ చుట్టుపక్కలే పడుతుంది కాబట్టి, డీకోడర్ ఏది రంగో ఏది వెలుగో తేల్చుకోలేక తడబడుతుంది. అంచుల్లో చుక్కలు పాకడం, ఎరుపు పక్కకు కారినట్టు కనపడటం, చిన్న అక్షరాల చుట్టూ ఇంద్రధనుస్సు మెరవడం అందుకే. టీవీ పాతదైనందువల్ల అలా అవుతోందని చాలామంది అనుకునేవారు. నిజానికి అదే ట్యూబుకు మూడు రంగులూ నేరుగా ఇస్తే స్పష్టమైన బొమ్మ వస్తుంది. యూరప్‌లో స్కార్ట్ సాకెట్ ఉన్న టీవీలు ఈ దారిని ఇంట్లోనే తెరిచాయి. ఫ్రాన్స్ 1980 నుంచి కొత్త టీవీలకు దాన్ని తప్పనిసరి చేసింది. మన ఇళ్లలోని మామూలు టీవీలకు మొదట యాంటెన్నా సాకెట్, తర్వాత పసుపు ఏవీ సాకెట్ మాత్రమే వచ్చాయి. అందువల్ల ఈ దేశంలో ఒక తరం ఆటగాళ్లు తమ కన్సోల్ గీసిన అసలు బొమ్మను చూడనేలేదు.

ఇక్కడ ఒక చేదు నిజం ఒప్పుకోక తప్పదు. మనకు బాగా తెలిసిన ఆ 8 బిట్ పెట్టెలో మూడు రంగుల తీగలు దాచి ఉంచారని, వెతికితే దొరుకుతాయని అనుకోకూడదు. దాని చిప్ నేరుగా కాంపోజిట్ వోల్టేజీనే పుట్టిస్తుంది. అందులో విడి ఎరుపు, విడి నీలం ఎక్కడా లేవు. దాన్ని ఆర్కేడ్ మానిటర్‌కు కలపాలంటే బయట ఒక డీకోడర్ పెట్టాలి, లేదా చిప్ పనిని అర్థం చేసుకుని రంగులను కొత్తగా పుట్టించే అదనపు బోర్డు చేర్చాలి. డీకోడర్ పెడితే కలిపే నష్టం ఎలాగూ ఉంటుంది, ట్యూనర్ నష్టం మాత్రం తప్పుతుంది. మెగా డ్రైవ్, సూపర్ నింటెండో, మొదటి ప్లేస్టేషన్ అలాంటివి కావు. వాటి వెనక సాకెట్లోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడిగా ఉన్నాయి. కలపాలన్న కోరిక ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సింది వాటితోనే.

వేగం కుదిరింది, రంగులు విడిగా దొరికాయి. అయినా తీగలు నేరుగా కలిపితే తెర మసకగా వెలుగుతుంది, లేదా బొమ్మ నిలవదు. కన్సోల్ ఇచ్చే ఒక్కో రంగు సంకేతం 75 ఓమ్‌ల లోడ్ మీద సుమారు 0.7 వోల్టు. ఆర్కేడ్ బోర్డులు ఇచ్చేది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, మానిటర్ ఆ ఎక్కువకే అలవాటు పడి ఉంటుంది. కాబట్టి ఒక్కో రంగుకు ఒక చిన్న వీడియో యాంప్లిఫయర్ కావాలి. దాని ముందు 75 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కన్సోల్‌కు తన టీవీ తగిలించారన్న భావన కలిగించాలి. ఇంతకంటే తరచుగా మరిచిపోయేది నలుపు మట్టం. చాలా కన్సోళ్లు కెపాసిటర్ల గుండా సంకేతం పంపుతాయి. కెపాసిటర్ సంకేతంలోని సగటును తొలగిస్తుంది. అందువల్ల తెర మీద తెల్లని దృశ్యం వస్తే నలుపు ఒకలా, చీకటి దృశ్యం వస్తే ఇంకోలా కనపడుతుంది. ప్రతి గీత మొదట్లో వచ్చే ఖాళీ క్షణంలో సంకేతాన్ని నలుపు దగ్గరకు లాగి కట్టే క్లాంప్ ఉంటేనే రంగులు స్థిరంగా నిలుస్తాయి. సింక్ విషయంలోనూ ఇలాంటి తేడానే. ఆర్కేడ్ మానిటర్‌కు శుభ్రమైన, లాజిక్ స్థాయి పల్సులు కావాలి. కన్సోల్ ఇచ్చేది చాలాసార్లు కాంపోజిట్ వీడియోలో అడుగున 0.3 వోల్టు లోతున దాగిన సింక్. దాన్ని అలాగే ఇస్తే, ప్రకాశవంతమైన దృశ్యం వచ్చినప్పుడల్లా మానిటర్ బొమ్మనే పల్సు అనుకుని పై భాగాన్ని వంచేస్తుంది. ఎల్ఎం1881 అనే చవకైన ఐసీ ఒక్కటి పెడితే ఆ సింక్ విడిపోతుంది. ఇక మినహాయింపులూ ఉంటాయి. 'డాంకీ కాంగ్' కాలపు నింటెండో క్యాబినెట్లలోని సాన్యో మానిటర్లకు సంకేతం తలకిందులుగా ఇవ్వాలి. వోల్టేజీ పెరిగితే తెర చీకటవుతుంది. అలాంటి దానికి మామూలు యాంప్లిఫయర్ తగిలిస్తే ఫోటో నెగటివ్ లాంటి బొమ్మ వస్తుంది.

ఈ పనిలో పొరపాటైతే పరికరం పోవడమే కాదు, మనిషి పోయే చోటు ఒకటుంది. ఎన్నో పాత ఆర్కేడ్ మానిటర్లలో మెయిన్స్ కరెంటుకూ బోర్డు గ్రౌండ్‌కూ మధ్య ఏ అడ్డూ ఉండదు. రెక్టిఫయర్ గుండా బోర్డు గ్రౌండే మెయిన్స్‌కు తగిలి ఉంటుంది. క్యాబినెట్‌లో విడిగా అమర్చిన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాటిని కాపాడేది. మానిటర్‌ను మాత్రమే విప్పి తెచ్చుకున్నవాళ్లకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ రాదు. అప్పుడు కన్సోల్ గ్రౌండ్ కలిపితే చేతిలోని కంట్రోలర్ తీగ దాకా ఆ కరెంటు రావచ్చు. మన దేశంలో ఇంకో ఉచ్చు ఉంది. అమెరికన్ మానిటర్లు 110-120 వోల్టుల మీద నడుస్తాయి. వాటికోసం బజార్లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. వాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే ఒకే చుట్ట మీద మధ్యలో తీసిన తీగ. అవి వోల్టేజీని తగ్గిస్తాయి తప్ప మెయిన్స్ నుంచి విడదీయవు. రెండు వేర్వేరు చుట్టలున్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరే అడిగి తీసుకోవాలి. ట్యూబ్ మీద రబ్బరు మూత కింద ఉండే ఆనోడ్, స్విచ్ ఆపిన తర్వాత కూడా చార్జ్ పట్టుకుని ఉంటుంది. ఈ పని పాత టీవీలు బాగుచేసిన మెకానిక్ దగ్గర కూర్చుని చేయాల్సిందే తప్ప, వీడియో చూసి ఒంటరిగా చేయాల్సింది కాదని నా గట్టి అభిప్రాయం.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త ఎల్‌సీడీ టీవీకి తగిలిస్తే పోదా అన్నది సహజమైన అభ్యంతరం. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఎల్‌సీడీ తేలిక, సురక్షితం, కరెంటు తక్కువ తాగుతుంది. పిక్చర్ ట్యూబులు మళ్లీ తయారయ్యే సూచనా లేదు. పాత బొమ్మను కొత్త తెరకు సరిపెట్టే మంచి స్కేలర్ వాడితే బొమ్మ చక్కగానే వస్తుంది. అయితే పాత కన్సోళ్లు గీతలను ఒకదాని మధ్య ఒకటి అల్లకుండా, ప్రతిసారీ అవే 240 గీతల చోట గీస్తాయి. చాలా కొత్త టీవీలు దాన్ని అల్లిన బొమ్మగా పొరబడి, రెండేసి ఫ్రేములను కలిపి సరిచేయబోతాయి. మెరిసి మాయమయ్యే పాత్రలు అప్పుడు సగమే కనపడతాయి, పైగా ఆలస్యం పెరుగుతుంది. పాత తెర మీద కన్సోల్ ఏ క్షణంలో పిక్సెల్ పంపిందో ఆ క్షణంలోనే అది వెలుగుతుంది, ఫ్రేమ్ నిల్వ చేసే చోటే లేదు. దీనికి అందరికీ తెలిసిన రుజువు బాతులను కాల్చే ఆట, 'డక్ హంట్'. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరంతా నల్లగా చేసి, బాతు ఉన్న చోట తెల్లని చదరం గీస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ తెలుపును వెంటనే చూడాలి. అంతేకాదు, సుమారు 15 కిలోహెర్ట్జ్ వేగంతో మినుకుమనే వెలుగునే అది గుర్తిస్తుంది, మామూలు బల్బును పట్టించుకోదు. ఎల్‌సీడీ వెలుగు అలా మినుకుమనదు, సమయానికీ రాదు. అందుకే అటక మీద దాచిన ఆ తుపాకీ ఇవాళ కొత్త టీవీ ముందు పనిచేయడం లేదు. తప్పు తుపాకీది కాదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే లోతైనది, దాన్ని తోసిపుచ్చలేను. ఆటల చిత్రకారులు కాంపోజిట్ మసకను లెక్కలోకి తీసుకునే గీశారు కదా, దాన్ని తీసేస్తే వాళ్ల పనిని చెడగొట్టినట్టు కాదా అంటారు. 1991 నాటి 'సోనిక్ ద హెడ్జ్‌హాగ్'లో జలపాతం ఒక నిలువు గీత విడిచి ఒక గీతగా గీసి ఉంటుంది. మెగా డ్రైవ్‌లో ఆ చారల సంకేతం దాదాపు 3.36 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఎన్‌టీఎస్‌సీ కాంపోజిట్‌లో అది కరిగిపోయి, నీటి వెనక కొండ లీలగా కనపడుతుంది. మూడు రంగుల తీగతో చూస్తే కంచె ఊచల్లా చారలు తేలతాయి. ఈ ఒక్క దృశ్యంలో ఆర్కేడ్ తెర ఓడిపోయినట్టే. కానీ ఈ వాదనను అన్ని ఆటలకూ విస్తరించడం సరికాదు. అదే కాలంలో అదే కంపెనీలు ఆర్కేడ్ కోసం గీసినవన్నీ విడి రంగుల తెర మీదే ఆడాయి. వాటిలో ఎన్నో తర్వాత కన్సోళ్లకు వచ్చాయి. పిక్సెల్ అంచులను మెత్తబరిచే పనిలో ఎక్కువ భాగం ట్యూబ్ చేస్తుంది. గీతల మధ్య చీకటి, ఫాస్ఫర్ చుక్కల అల్లిక, వెలుగు ఎక్కువైన చోట పుంజం ఉబ్బడం ఆర్కేడ్ మానిటర్‌లోనూ ఉంటాయి. కాంపోజిట్ తీసేస్తే పోయేది ఆ మెత్తదనం కాదు, రంగుల కారడం.

చివరి అభ్యంతరం మన నేలకు చెందినది. బీర్‌గావ్‌లోనో బెజవాడలోనో ఆర్కేడ్ మానిటర్ ఎక్కడ దొరుకుతుంది? దొరికినా బరువు, ధర, ఓడ ఖర్చు. నా జవాబు, దాన్ని బయట వెతకొద్దు. ఆర్కేడ్ మానిటర్‌కు కావాల్సినవన్నీ పాత సామాను షాపులో పడి ఉన్న కలర్ టీవీలోనే ఉన్నాయి. 1990ల నుంచి వచ్చిన టీవీల్లో ఛానెల్ నంబర్, వాల్యూమ్ గీత తెర మీద చూపడానికి వీడియో ఐసీకి విడిగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాళ్లు ఉండేవి. ఏ క్షణంలో బయటి రంగు చూపాలో చెప్పే బ్లాంకింగ్ కాలు ఒకటి ఉండేది. ఫిలిప్స్ టీడీఏ8362 అలాంటి ఐసీ. ఆ కాళ్ల దగ్గర తగిన రెసిస్టర్లతో కన్సోల్ రంగులను ఇచ్చి, సింక్‌ను ఏవీ సాకెట్ గుండా పంపితే, ట్యూనర్‌నూ డీకోడర్‌నూ దాటి బొమ్మ నేరుగా ట్యూబుకు చేరుతుంది. ఇందులో ఇంకో లాభం, ఏవీ సాకెట్ ఉన్న టీవీలో ఆ భాగం మెయిన్స్ నుంచి విడదీసే ఉంటుంది. అయినా మీటర్ పెట్టి చూసుకోకుండా నమ్మకూడదు. కొత్త తరం పెట్టెలను మాత్రం వీటికి దూరంగా ఉంచాలి. డ్రీమ్‌కాస్ట్ వీజీఏ తీగ లాంటివి సెకనుకు 31 వేలకు పైగా గీతలు పంపుతాయి. 15 వేల కోసం కట్టిన పాత చాసిస్ మీద ఆ వేగం రుద్దితే గీతలను నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

మిగిలింది 50, 60ల తేడా. పాల్ కోసం చేసిన 8 బిట్ నకళ్లు సెకనుకు 50 ఫ్రేములు గీస్తాయి, అసలు ఆటలు 60 లెక్కన రాసినవి. ఆట లెక్క ఫ్రేముతో ముడిపడి ఉంటుంది కాబట్టి మారియో ఆరింట ఐదు వంతుల వేగంతోనే పరిగెత్తాడు, పాట కూడా అంతే నెమ్మదించింది. ప్రాసెసర్ క్లాక్ అసలుకు చాలా దగ్గరగా ఉంచారు కాబట్టి స్వరం మాత్రం పెద్దగా మారలేదు. తెర మార్చినంత మాత్రాన ఆ వేగం మారదు, అది పెట్టెలోనే ఉంది. ఎన్‌టీఎస్‌సీ కన్సోల్ తెచ్చి కలిపితే ఆట పూర్తి వేగంతో నడుస్తుంది. అప్పుడు మానిటర్ వెనక నిలువు హోల్డ్ సరిచేసి, బొమ్మ పైకీ కిందికీ సరిగ్గా నిండేదాకా హైట్ నాబ్ తిప్పుకోవాలి.